అడుగంటని సీసా

అమృతకలశ మంది యబ్ధిలో వెలసిన
వైద్యమూర్తి! నీకు వందనంబు
చేతి శుచియె మంత్ర సిద్ధిగా నెంచెడి
వారిఁ గాచి కథకు వరము లిమ్ము

పాలకడలి నుండి అమృతకలశంతో పైకి వచ్చిన ఆ దేవవైద్యుడు, రావడానికి ముందు కలశాన్ని కడిగాడా లేదా అన్నది పెద్దలెవరూ విస్తరించి చెప్పలేదు. కడిగే ఉంటాడని మాత్రం ఈ కథలోని ఇల్లాలి దృఢవిశ్వాసం. కడగకుండా వచ్చి ఉంటే, దేవుడని కూడా చూడకుండా వెనక్కి పంపగల మనిషి ఆమె.

ఆమె ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు బాధ్యత చూసే పెద్ద నర్సు. ఆసుపత్రికి రెండంతస్తులు. కింద రోగులను చూసే గదులు, మందుల కొట్టు, కూర్చుంటే ఒక పక్కకు ఒరిగే నాలుగు బెంచీలు. పైన థియేటరు, దానిని ఆనుకొని పనిముట్లను ఆవిరిలో శుద్ధి చేసే గది, వరండా చివర ఒక ల్యాబు. మెట్లెక్కి కుడివైపు తిరిగితే, ఈ మూడింటికీ ముందు, నేలమీద అడ్డంగా ఒక ఎర్రగీత కనిపిస్తుంది. ఆ గీతకు ఇవతల రాజ్యం ఆసుపత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు గారిది. అవతల రాజ్యం ఆమెది. వీధి చెప్పు, చేతి ఉంగరం, జేబురుమాలు, తొందర అనే నాలుగూ ఆ గీత దాటరాదని ఆమె శాసనం.

ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘మళ్ళీ సిస్టర్’ అంటారు. ఎదుట అనరు. చేతులు కడిగే తొట్టి దగ్గర గోడకొక గడియారం ఉంది. గోళ్ళు, వేళ్ళ సందులు, బొటనవేలు, మణికట్టు, అక్కడి నుండి మోచేయి వరకు సబ్బునురుగుతో ఐదు నిమిషాలు రుద్దుకొని, చేతులు పైకెత్తి, నీరు మోచేతుల మీదుగా జారిపోయేలా నిలబడాలి. ఈ క్రమంలో ఒక్క వేలు అలిగినా, గడియారంలో పది సెకన్లు తరిగినా, మాస్కు వెనుక నుండి ఒకే ఒక్క మాట వినిపిస్తుంది: ‘మళ్ళీ’. దానికి అప్పీలు లేదు. ఒకసారి పెద్ద డాక్టరు గారే గ్లౌజులు తొడుక్కున్నాక ముక్కు గోక్కున్నారు.

“మళ్ళీ,” అన్నది సిస్టరు.

“దురద పెట్టింది సిస్టర్.”

“దురద మీది, గాయం రోగిది. మళ్ళీ.”

పాతికేళ్ళ అనుభవం గల శస్త్రవైద్యుడు తలవంచుకొని తొట్టి దగ్గరకు నడిచాడు. బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకడు మూడుసార్లు చేతులు కడిగిన తరువాత, ఈ ఆసుపత్రిలో మరొక బల్బు మాడకుండా చూడమని దేవునికి మొక్కుకున్నాడని చెప్పుకుంటారు.

ఇంట్లోనూ ఇదే పాలన. ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఆసుపత్రి గోడ గడియారం కూడా ఆయన చేతిదే. ముప్పై ఏళ్ళ కాపురంలో తాను తిన్న అన్నం కన్నా కడిగిన చేతులే ఎక్కువని ఆయన నవ్వుతూ చెబుతాడు. చెప్పేటప్పుడు ఆ చేతుల్లో గడియారపు నూనె మరక ఒక్కటీ ఉండదు.

ఆరు నెలల కిందట ఈ రాజ్యంలోకి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. శస్త్రవైద్యం చదివి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, చురుకైన చేతితో, చిన్న డాక్టరు అనే హోదాలో వచ్చింది. ఆమె మరెవరో కాదు, మళ్ళీ సిస్టరుకు స్వయానా కోడలు. కొడుకు రైలింజను నడుపుతాడు. ఇంట్లో కన్నా పట్టాల మీదే ఎక్కువ కాలం ఉంటాడు గనుక ఈ కథలోకి కూడా రాడు.

అత్తాకోడళ్ళు ఒకే థియేటరులో పనిచేయబోతున్నారని తెలిసి కింది బెంచీల మీద వారం రోజులు ముచ్చట్లు సాగాయి. హోదాలో కోడలు పెద్ద, వయసులో అత్త పెద్ద. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు ఎర్రగీతే సమాధానం చెప్పింది. గీతకు ఇవతల “అమ్మాయ్, నువ్వు”, “అత్తయ్యా”. గీత దాటగానే “డాక్టర్ గారూ, మీరు”, “సిస్టర్”. మెట్ల మీద “అమ్మాయ్, తల దువ్వుకున్నావా” అని మొదలైన వాక్యం, గీత దాటేసరికి “ఆ వెంట్రుక టోపీలోకి దోపుకోండి డాక్టర్ గారూ” అని ముగిసేది. వినేవారికి ఇద్దరు మనుషులు మాట్లాడినట్టు ఉండేది.

ఇక ఈ కథకు మూలమైన వస్తువు గురించి చెప్పాలి. థియేటరు గోడ అలమరలో, నడుమ అరమీద, ఒక పెద్ద గాజు సీసా ఉండేది. మెడ సన్నగా, పొట్ట విశాలంగా, నోటికి బెండు బిరడాతో ఠీవిగా ఉండేది. అందులో గులాబీరంగు క్రిమినాశక ద్రావణం. సిస్టరు నర్సుగా చేరిన తొలినాళ్ళలో, తనకు పని నేర్పిన పెద్దావిడ పదవి విరమిస్తూ ఆ సీసాను ఆమె చేతిలో పెట్టి, ఎప్పుడూ దీన్ని ఖాళీ కానివ్వకు, అవసరానికి మందు లేదన్న మాట నీ నోట రాకూడదు అని చెప్పిందట. ఆ మాటను సిస్టరు వేదవాక్కుగా పట్టుకున్నది. రోజూ ఉదయం మొట్టమొదటి పని ఆ సీసాను చూడటం. ఎంత తగ్గితే అంత, కొత్త మందును కొలత ప్రకారం నీటిలో కలిపి, మెడ వరకు నింపేది. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు కూడా దాని అడుగు ఎవరి కంటా పడలేదు. “ఇది మా థియేటరు అక్షయపాత్ర,” అని కొత్తగా చేరిన నర్సులకు చూపించి చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగేది.

చిన్న డాక్టరు వచ్చిన తరువాత ఆ సీసాకు గిరాకీ పెరిగింది. పెద్ద డాక్టరు గారిది పాతకాలపు పద్ధతి. గులాబీ మందుతో ఒకసారి చర్మం తుడిపించి, దానిమీద గోధుమరంగు టించరు పూయించి, అది ఆరిన తరువాతే కత్తి పట్టేవారు. చిన్న డాక్టరుకు ఆ గోధుమరంగు నచ్చలేదు. ఆ మరక కింద చర్మం ఎర్రబడిందో లేదో తెలియదని, గులాబీ మందు ఒక్కటే రెండుసార్లు పూస్తే చాలునని ఆమె పక్షం. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు. సిస్టరు కూడా లోలోపల సంతోషించింది. తన సీసాకు ఇన్నాళ్ళకు తగిన గౌరవం దక్కిందనుకున్నది.

ఆ తరువాతే తిప్పలు మొదలయ్యాయి.

మొదట ఒక దర్జీ వచ్చాడు. భుజం మీది కొవ్వుగడ్డను చిన్న డాక్టరు తీసి కుట్లు వేసిన ఐదో రోజున, కుట్ల సందుల నుండి చీము కారుతోందని చూపించాడు. ఒకటీ అరా జరుగుతుందిలే అనుకున్నారు. మరో పది రోజులకు బేకరీ నడిపే ఆవిడ మోచేయి. దాని వెంటనే కారు నడపడం నేర్పే మాస్టారి మెడ. ముగ్గురికీ ప్రాణాపాయం ఏమీ లేదు. కానీ ముగ్గురి చీమూ ఒకేలా పచ్చగా ఉంది. ముగ్గురూ చిన్న డాక్టరు చేతి రోగులే. పెద్ద డాక్టరు గారి గాయాలు మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా మానుతున్నాయి.

సోమవారం ఉదయం పెద్ద డాక్టరు గారు చిన్న డాక్టరును తన గదికి పిలిచారు. ఆయన కోపిష్టి కారు. కోపం లేకుండా చెప్పే మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. శుక్రవారం నాడు ఒక పోస్ట్‌మ్యానుకు హెర్నియా ఆపరేషను ఉంది. చిన్న డాక్టరు స్వయంగా చేయబోయే మొదటి పెద్ద ఆపరేషను అది. గురువారం లోపల ఈ చీముకు కారణం దొరకకపోతే ఆ ఆపరేషను తానే చేస్తాననీ, ఆమె ఇక కింది గదిలో జ్వరాలు, దగ్గులు చూసుకుంటే చాలుననీ ఆయన చెప్పారు. ‘కొన్నాళ్ళు’ అని చివర చేర్చారు. ఆ కొన్నాళ్ళకు హద్దు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కోడలు ముద్ద కలిపి వదిలేసింది. మామగారు భూతద్దం కంటికి పెట్టుకొని ఏదో చేతిగడియారంలో తల దూర్చినవాడు దూర్చినట్టే, కోడలి ఉసూరుమనడం విని, సంగతి ఏమిటని అడిగాడు. ఆమె చెప్పింది. తన చేతిలోనే ఏదో దోషం ఉందని కూడా చెప్పింది. నిజం చెప్పాలంటే అత్తగారి మనసులోనూ అదే అనుమానం మెదులుతోంది. ఈ పిల్ల నాలుగు నిమిషాల యాభై సెకన్లకే కుళాయి కట్టబోతుంది, తాను చూడని నాడెప్పుడో కట్టే ఉంటుంది అనుకున్నది. అనుకున్నదే గాని పైకి అనలేదు.

“అత్తయ్యా, కింద కూర్చుని దగ్గుమందు రాయడానికేనా నేను ఇన్నేళ్ళు చదివింది?” అన్నది కోడలు.

“ముందు ఆ ముద్ద తిను. ఏడుపుతో క్రిములు చావవు. ఎక్కడున్నాయో వెతికితే చస్తాయి. రేపు పొద్దున్నే థియేటరులో ప్రతి వస్తువు మీదా దూదిపుల్ల తిప్పి ల్యాబుకి పంపు.”

“ప్రతి వస్తువూనా?”

“నా చేతులతో సహా,” అన్నది అత్తగారు. ఆ మాటలో కొంత ధీమా, కొంత సవాలు ఉన్నాయి. మామగారు భూతద్దంలోంచే కోడలి వైపు చూసి, “మొదట నా చేతులతో మొదలుపెట్టమ్మా, ఈ ఇంట్లో వీటికే ఎక్కువ శిక్ష పడింది,” అన్నాడు. కోడలికి నవ్వు వచ్చింది. ముద్ద కూడా లోపలికి పోయింది.

మంగళవారం తెల్లవారగానే ఇద్దరూ థియేటరులో దిగారు. చిన్న డాక్టరు శుద్ధిచేసిన దూదిపుల్లతో ఒక్కో చోటా రుద్దడం, దానిని గొట్టంలో పెట్టడం, సిస్టరు ఒక కాగితం మీద అంకె వేసి వస్తువు పేరు రాయడం. ఒకటి, కుళాయి. రెండు, తొట్టి అంచు. మూడు, డాక్టరు కుడిచేయి. నాలుగు, ఎడమచేయి. ఐదు, సిస్టరు కుడిచేయి. ఇలా బల్ల, దీపం పిడి, ట్రాలీ చక్రాలు, పనిముట్ల పెట్టె, చివరకు గోడ గడియారం ముల్లు కూడా. గొట్టాల మీద అంకెలు మాత్రమే ఉంటాయి. ఏ అంకె ఏ వస్తువుదో ల్యాబు మనిషికి తెలియకూడదని సిస్టరే నియమం పెట్టింది. తెలిస్తే మొహమాటం అడ్డు వస్తుందట.

పదమూడుతో అయిపోయిందని చిన్న డాక్టరు చేతులు దులుపుకోబోయింది.

“మళ్ళీ చూడండి డాక్టర్ గారూ. ఒకటి వదిలేశారు.”

“ఏమిటి సిస్టర్?”

“ఆ సీసా.”

చిన్న డాక్టరు విస్తుపోయింది. క్రిములను చంపే మందులో క్రిములను వెతకడమేమిటని అడిగింది. అసలు కారణం అది కాదు. అత్తగారి సీసాను అనుమానించినట్టు అవుతుందని జంకింది. సిస్టరు వినలేదు. గదిలో ప్రతి వస్తువూ అని మాట అనుకున్నాక నా వస్తువు కాబట్టి దానికి మినహాయింపు ఏమీ లేదని, అది నిర్దోషి అని తేలితే మరీ మంచిదని, తానే అలమర తెరిచి, బిరడా తీసి, సీసాను రెండు చేతులా పట్టుకొని నిలబడింది. చిన్న డాక్టరు ఒక చుక్కను గొట్టంలోకి తీసుకున్నది. సిస్టరు గుండ్రని అక్షరాలతో పద్నాలుగు అని రాసింది.

ల్యాబులో పనిచేసే పెద్దాయనను అందరూ బాబాయి అంటారు. రక్తం, మూత్రం, కళ్ళె తప్ప లోకంలో వేరే ద్రవాలు ఉన్నాయని మరచిపోయినంత కాలంగా ఆ గదిలో ఉన్నాడు. క్రిములు పెరగడానికి కావలసిన జావవంటి ఆహారాన్ని చిన్న గాజుపళ్ళేలలో పరిచి, ఒక్కో గొట్టంలోని దానిని ఒక్కో పళ్ళెంలో రాసి, వెచ్చని పెట్టెలో ఉంచాడు. రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రోజులు అత్తాకోడళ్ళు వరండాలో వీలైనంత వేగంగా నడిచారు. ఆ ల్యాబు తలుపు వంక చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నారు.

గురువారం ఉదయం బాబాయి ఇద్దరినీ పిలిచాడు. పళ్ళేలన్నీ బల్లమీద వరుసగా పేర్చి ఉన్నాయి. చాలావాటిలో ఏమీ లేదు. ట్రాలీ చక్రాల పళ్ళెంలో మాత్రం నాలుగు తెల్లచుక్కలు. అవి మామూలేనని బాబాయి కొట్టిపారేశాడు. చిన్న డాక్టరు చేతుల పళ్ళేలు రెండూ అద్దంలా ఉన్నాయి. ఆమె ఆ రెండింటినీ మళ్ళీ మళ్ళీ చూసుకున్నది. సిస్టరు కూడా చూసింది. చూసి, తాను అనకుండా మింగిన అనుమానానికి లోలోపల సిగ్గుపడింది.

“ఇక ఈ చివరిది చూడండమ్మా,” అని బాబాయి ఒక పళ్ళెం మూత కొద్దిగా ఎత్తాడు. పళ్ళెం నిండా పచ్చని నిగనిగ. మగ్గిన ద్రాక్షపండ్ల వంటి తీపి వాసన ఒకటి గుప్పుమన్నది. “దర్జీ చీమును పళ్ళెంలో పెట్టినప్పుడూ ఇదే వాసన. పద్నాలుగు అంటే ఏమిటి?”

చిన్న డాక్టరు సిస్టరు చేతిలోని కాగితం అందుకోబోయింది. సిస్టరుకు కాగితం చూడవలసిన పని లేదు. ఆమె చూపు పళ్ళెం మీదే ఆగిపోయింది.

“పొరపాటేదో జరిగి ఉంటుంది,” అన్నది చిన్న డాక్టరు గబగబా. “గొట్టం సరిగా మూయలేదేమో. మళ్ళీ పరీక్ష చేద్దాం బాబాయ్.”

“ఈ ఒక్కదానికీ మళ్ళీ అక్కర్లేదు,” అన్నది సిస్టరు. “పద్నాలుగు నా సీసా.”

బాబాయి గొంతు సవరించుకొని, ఆమె తప్పేమీ లేదన్నట్టు గోడతో మాట్లాడుతున్నవాడిలా చెప్పసాగాడు. రోజూ కొత్త మందు పోసినా అడుగున పాతది మిగులుతుంది. నీటిలో కలిపిన మందుకు రోజులు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. బెండు బిరడా సందుల్లో తడి నిలుస్తుంది. కోటి క్రిముల్లో మొండివి ఒకటీ రెండూ ఆ మందుకే అలవాటు పడి, అందులోనే కాపురం పెడతాయి. పెద్ద డాక్టరు గారు దానిపైన టించరు పూయించేవారు గనుక ఇన్నాళ్ళూ ఆ టించరే వాటిని చంపింది. చిన్న డాక్టరు టించరు మానగానే వాటికి దారి దొరికింది.

“పెరుగు తోడు పెట్టినట్టు,” అన్నది సిస్టరు.

“అచ్చంగా అంతేనమ్మా. రాత్రి గిన్నెలో రవ్వంత మిగిలితే చాలు కదా.”

“రోజూ పొద్దున్నే నా చేత్తోనే తోడు పెట్టానన్నమాట.”

అప్పుడు ఆమె కోడలి వైపు తిరిగింది. వారు నిలబడింది ఎర్రగీతకు లోపల. ఆరు నెలలలో ఎన్నడూ ఆ గీత లోపల వినిపించని మాట వినిపించింది.

“నా మూలంగా నీకు మాట వచ్చిందే, అమ్మాయ్.”

కోడలు అత్తగారి చేతిలోని కాగితం తీసుకొని నాలుగు మడతలు పెట్టింది. ఐదో మడత పడలేదు.

సిస్టరు అక్కడ ఆగలేదు. పళ్ళెం చేతబట్టుకొని తిన్నగా కిందికి దిగి, పెద్ద డాక్టరు గారి బల్లమీద పెట్టి, జరిగినదంతా ఒక్క వాక్యం దాచకుండా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఆమె మీద ఉన్న గౌరవం ఎంతటిదంటే, ఆ క్షణాన ఆయన నోట ఒక అబద్ధపు సలహా వచ్చింది. మందు తయారీలోనే లోపం ఉన్నదని రోగులకు చెబితే సరిపోతుంది, ఇంత కాలపు మంచిపేరును ఒక సీసా కోసం ఎందుకు పోగొట్టుకోవడం అన్నారు.

“మందు మంచిదే డాక్టర్ గారూ, పోసిన పద్ధతే చెడ్డది. ఆ మాట మందు చెప్పలేదు, నేను చెప్పాలి. పైగా తప్పు మందు మీదికి తోస్తే ఇంకో ఆసుపత్రిలో ఇంకో పిచ్చిది ఇలాగే నింపుతూ ఉంటుంది.”

ఆయన ఇక వాదించలేదు. ఆ సీసాను రోజూ తానూ చూస్తున్నాననీ, తనకూ తట్టలేదనీ ఒప్పుకున్నారు. చిన్న డాక్టరును పిలిపించి, శుక్రవారం ఆపరేషను నీదేనమ్మా అన్నారు. కింది గది మాట ఆయన ఎత్తలేదు. ఆమె గుర్తు చేయలేదు. అయితే రేపు థియేటరులో తన బదులు మరో నర్సును పెట్టమని సిస్టరు అడిగినప్పుడు మాత్రం చిన్న డాక్టరు ఒక్కటే మాట చెప్పింది: తన పక్కన సిస్టరు లేకపోతే తాను కత్తి పట్టదు.

మధ్యాహ్నం సిస్టరు ముగ్గురు రోగుల దగ్గరకూ వెళ్ళి స్వయంగా చెప్పుకున్నది. కారు మాస్టారు మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి విన్నాడు. బేకరీ ఆవిడ మొదట ముఖం ముడుచుకున్నది. పిండి పిసకలేక ఆమె పడ్డ అవస్థ చిన్నది కాదు. రోజూ ఇంటికే వచ్చి కట్టు మారుస్తానని సిస్టరు చెప్పాక ముడి కొంచెం విడింది గాని పూర్తిగా విడలేదు. విడవలసిన అవసరమూ లేదు. దర్జీ మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ, “మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదమ్మా,” అన్నాడు.

“అందుకే చెబుతున్నాను,” అన్నది ఆమె.

ఆ సాయంత్రం ఇంట్లో సీసా వంటగది గట్టుమీద ఉంది. పారేయడానికి తెచ్చి, పారేయలేక పెట్టింది. వేడినీటితో నాలుగుసార్లు తొలిచింది. ముప్పై ఏళ్ళ తరువాత దాని అడుగు మొదటిసారి కనిపించింది. గాజులో చిన్న నక్షత్రం ముద్ర ఒకటి ఉన్నది అక్కడ. అది ఉన్నదనే ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. “అక్షయపాత్ర అని పేరు పెట్టావు గాని, నువ్వు ఆ కథ సగమే విన్నావు,” అన్నాడు.

“మిగతా సగం మీరు చెప్పండి.”

“సూర్యభగవానుడు ఇచ్చిన పాత్రే అది. ఎంతమందికైనా పెడుతుంది. అయితే ఆ ఇల్లాలు తాను తిన్న తరువాత రోజూ ఏం చేసేది?”

ఆమె గుర్తు చేసుకున్నది. వనవాసంలో ఆ మహాసాధ్వి అందరికీ పెట్టి, కడపట తాను భుజించి, పాత్రను కడిగి బోర్లించేది. కడిగి బోర్లించిన తరువాతే కదా అతిథులు వచ్చి పడ్డదీ, ఆమె గుండె జారినదీ, చిన్న ఆకుముక్క కోసం పరమాత్ముడు వెతికినదీ. దేవుడిచ్చిన పాత్రకే రోజూ కడుగుడు తప్పలేదు.

“పైగా ఆ ఆకుముక్క మిగిలిందంటే, ఆవిడ కూడా సరిగా కడగలేదన్నమాటే,” అన్నాడు ఆయన.

ఆమె చాలా రోజుల తరువాత పైకి నవ్వింది. నవ్వి, “నేనైతే మళ్ళీ కడిగించేదాన్ని,” అన్నది. మరుక్షణం నాలుక కరుచుకొని, దేవుని పటం వైపు చూసి లెంపలు వేసుకున్నది. కోడలు తలుపు చాటున నిలబడి ఇదంతా విన్నది.

శుక్రవారం వచ్చింది. అలమర నడుమ అరమీద పెద్ద సీసా ఉండే చోట పన్నెండు చిన్న సీసాలు, ఆవిరిలో శుద్ధి చేసినవి, మర మూతలతో నిలబడి ఉన్నాయి. ఒక్కో సీసా మీద ఆ రోజు తేదీ. ఒక ఆపరేషనుకు ఒకటి విప్పాలి, మిగిలింది పారబోయాలి, ఖాళీ సీసా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ఆవిరి ఎక్కాలి. మందు వృథా అవుతుందని ఎవరో గొణిగితే, చీము కన్నా మందు కారిపోవడమే మేలని సిస్టరు బదులు చెప్పింది.

పోస్ట్‌మ్యాను బల్లమీద పడుకొని, తన ఉత్తరాల సంచీ ఎవరు మోస్తున్నారో అని చింతపడుతున్నాడు. తొట్టి దగ్గర ఇద్దరూ చేతులు కడుగుతున్నారు. గడియారం తన పని తాను చేసుకుపోతోంది. చిన్న డాక్టరు ఐదు నిమిషాలూ పూర్తిగా రుద్ది, చేతులు పైకెత్తి నిలబడింది. సిస్టరు కూడా కడిగి, చేతులు ఎత్తి వెనక్కి తిరగబోతూ ఉండగా, ఆమె ఎడమ మోచేయి కుళాయిని తాకింది. పట్టీపట్టనంత తాకిడి. ఆమె గమనించలేదు, మనసులో ఇంకా నక్షత్రం ముద్ర మెదులుతోంది కాబోలు.

చిన్న డాక్టరు గమనించింది. ఆ గదిలో ఎవరూ ఎవరితోనూ అనని మాట అది. అనే హక్కు ఒకరికే ఉన్న మాట. మత్తు ఇచ్చే డాక్టరు కళ్ళు పెద్దవి చేసి ఇటే చూస్తున్నాడు.

“మళ్ళీ, సిస్టర్,” అన్నది చిన్న డాక్టరు.

గడియారం నాలుగు సెకన్లు నడిచింది. సిస్టరు తన మోచేయి వంక, కుళాయి వంక, కోడలి వంక చూసింది. మాస్కు పైన కళ్ళ అంచులు ముడతలు పడ్డాయి. అవి నవ్వు ముడతలని అందరికీ తెలిసింది.

“అలాగే, డాక్టర్ గారూ,” అని తొట్టి వైపు తిరిగింది. మొదటి నుండి మొదలుపెట్టింది; గోళ్ళు, వేళ్ళ సందులు, బొటనవేలు. ఐదు నిమిషాలూ ఎవరూ తొందరపెట్టలేదు. తరువాత ఆమె కొత్త సీసా మూత విప్పి, దూదిని తడిపి, కోత పెట్టే చోటి నడుమ నుండి వలయాలుగా బయటికి తుడిచింది. వెళ్ళిన దారిన దూది వెనక్కి రాకూడదు, రాలేదు. ఒక్కో పూతా ఆరేదాకా ఆగి, ఇక కానివ్వండి అన్నట్టు తల ఊపింది.

పదో రోజున పోస్ట్‌మ్యాను కుట్లు విప్పించుకోవడానికి వచ్చాడు. చిన్న డాక్టరు కట్టు తీసి చూసింది. సిస్టరు ఆమె భుజం మీదుగా వంగి చూసింది. పెద్ద డాక్టరు గారు పని ఉన్నట్టు వచ్చి చూశారు. ల్యాబు బాబాయి పని లేకుండానే వచ్చి చూశాడు. సన్నని గీత, పొడిగా, లేత గులాబీరంగులో ఉన్నది. చీము లేదు, వాపు లేదు, వాసన లేదు.

ఇంతమంది తొంగిచూడటం చూసి పోస్ట్‌మ్యాను బెదిరిపోయాడు. “ఏముందండీ అక్కడ?” అని అడిగాడు.

“ఏమీ లేదు,” అన్నది చిన్న డాక్టరు. అంత సంతోషంతో ‘ఏమీ లేదు’ అన్న మనిషిని తాను ఎక్కడా చూడలేదని అతడు తరువాత ప్రతి ఇంటి గుమ్మం ముందూ చెప్పాడు.

పెద్ద సీసా ఇప్పుడు ఆ ఇంటి కిటికీ గట్టుమీద ఎండలో బోర్లించి ఉంది. దానిమీద సిస్టరు గుండ్రని అక్షరాలతో ఒక చీటీ అంటించింది: ‘ఖాళీ’. నెలకొకసారి దానిని కడిగి మళ్ళీ అక్కడే బోర్లిస్తుంది. ఎందుకని భర్త అడగడు. అడిగితే ముందు చేతులు కడుక్కు రమ్మంటుంది.

ఈ కథ చెప్పినవారి నోటికి, విన్నవారి చెవులకు, చదివినవారి కళ్ళకు ఆ అమృతకలశధారి చల్లని చూపు సోకుగాక. మీ ఇంట ఎవరి ఒంటనైనా కత్తి పడవలసి వస్తే, ఆ కత్తి పట్టిన చేయి ముమ్మారు శుద్ధమై ఉండుగాక. గాయాలు పొడిగా మానుగాక. మన తప్పు మన కంటబడిన నాడు దానిని మన నోటితోనే చెప్పుకొనే ధైర్యమూ, ‘మళ్ళీ’ అని మనతో అనగల ఆప్తులు ఒకరూ, మనందరికీ సమృద్ధిగా లభించుగాక. స్వస్తి.